ముడుమాల్ నిలువురాళ్ళు
(గ్రంథాలయ సభయందలి ఉపన్యాసము)



రాతికి నోరు లేదు. కావుననే దాని పక్షమున నాలుగు మాటలు చెప్పుటకు మేము నేడు మీ యెదుట నిలిచితిమి.

నారాయణపేట జిల్లాలో, కృష్ణానదీ తీరమున, ముడుమాల్ అను గ్రామము కలదు. అచ్చటి పొలములలో పది మొదలు పదునాలుగు అడుగుల యెత్తుగల శిలలు సుమారు 80 నిలిచియున్నవి. వాని నడుమ చిన్నరాళ్ళు వేలకొలది వరుసలు తీర్చి యున్నవి. ఇవి 3,500 మొదలు 4,000 సంవత్సరముల నాటివనియు, ఆ వరుసలు అయన సంధులందు సూర్యుని యుదయాస్తమయములకు సరిపోవుచున్నవనియు, ఒక బండపై తొలిచిన గుంటలు సప్తర్షి మండలమును పోలియున్నవనియు పరిశోధకులు చెప్పుచున్నారు.

ఇంతకాలము వీనిని కాపాడిన దెవరు? చట్టములు నిన్నమొన్నటివి. అందొక శిలను గ్రామస్థులు ఎల్లమ్మయని కొలుచుచున్నారు. ఆ భక్తియే దానికి కావలి. మరి ఎల్లమ్మ కాని రాళ్ళ గతి యేమి? నాగలికి అడ్డువచ్చిన రాయి గట్టునకు చేరును. గట్టునకు చేరిన రాయి యింటికి మెట్టగును.

శాసనపు రాతిని తరలించి ప్రదర్శనశాలలో నిలిపినను దాని యక్షరములు దానియందే యుండును. నిలువురాతికి అక్షరములు లేవు. అది నిలిచిన తావే దాని యక్షరము. కదల్చితిమా, అది వట్టి బండ.

2025లో ఈ శిలలు యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినవి. సంతోషమే. అయితే అది తలుపు తట్టుటయేగాని లోనికి ప్రవేశించుట కాదు. 2021లో రామప్ప గుడికి లభించిన ప్రపంచ వారసత్వ గౌరవము వేరు, ఇది వేరు. ఆ గౌరవము కోరువారు స్థలమునకు హద్దులేవియో, చట్టరక్షణ యేదియో, నిర్వహణపు టేర్పాటు లెట్టివో ముందుగా చూపవలయును.

ఇందులకు రైతును నిందించుట న్యాయము కాదు. అతనికి ఆ యెకరమే బ్రతుకు. భూమి కావలసినచో తగిన వెల యిచ్చి తీసికొని, హద్దులు నాటించి, కావలి నిలుపుట ప్రభుత్వ ధర్మము.

మన ధర్మము మాట యేమి? మన సంస్కృతీ వారసత్వమును కాపాడుట ప్రతి పౌరుని విధియని రాజ్యాంగములోని 51ఏ అధికరణము చెప్పుచున్నది. మీ మీ గ్రామముల పొలములలో ఇట్టి రాళ్ళున్నచో వెదకి, లెక్కించి, పటమున గుర్తించి, పురావస్తుశాఖవారికి తెలుపుడు. వారు వచ్చువరకు ఒక్క రాతినైనను కదల్పకుడు, కదల్పనీయకుడు.