పసిపిల్లల చెవి, మన ఇంటి మాట
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుక మీద ఉండగానే నాలుకకు సంబంధించిన మరొక సంగతి మీ ముందు ఉంచుతున్నాము. అది పసిపిల్లలకు మాట వచ్చే విధానము. బరంపురంలో మనకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. అయితే కొన్ని ఇండ్లలో ఒక భయం వినబడుతున్నది. మూడు భాషలు చెవిని పడితే బిడ్డ తికమకపడతాడు, కాబట్టి తెలుగు తగ్గిద్దాము అని. ఈ భయానికి ఆధారమున్నదా అని విచారిద్దాము.

మన బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు పంచుతాము, అడుగులు వేస్తే అరిసెలు పంచుతాము. అది కంటికి కనబడే ఎదుగుదల. చెవిలో జరిగే ఎదుగుదల కనబడదు. గర్భంలో చివరి మాసాలలోనే శిశువు తల్లి గొంతు వింటుంది. పుట్టిన కొద్ది దినాలకే ఆ గొంతును గుర్తుపడుతుంది. రెండు మూడు నెలలకు ఉంగా అంటుంది. ఆరేడు నెలలకు బాబాబా, దాదాదా అంటూ అక్షరాలు దొర్లిస్తుంది. ఏడాదికి అటూ ఇటూగా తొలిమాట, రెండేండ్లకు "అమ్మ రా", "పాలు వద్దు" వంటి జంటమాటలు వస్తాయి. కొందరికి కాస్త ముందు, కొందరికి కాస్త వెనుక.

1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇండ్ల పసిపిల్లలకు హిందీలోని 'త', 'ట' ధ్వనులు వినిపించారు. 6 నుంచి 8 నెలల వారిలో ఎక్కువమంది తేడా కనిపెట్టారు. 10 నుంచి 12 నెలల వారిలో కనిపెట్టినవారు బహు కొద్దిమంది. హిందీ ఇండ్ల పిల్లలలో మాత్రం ఏడాది నిండే వేళకూ ఆ శక్తి నిలిచే ఉన్నది. అనగా వినని ధ్వనులకు చెవి తలుపు మెల్లగా చేరవేసుకుంటుంది. గడియ పడదు గాని, తరువాత తెరవడానికి శ్రమ ఎక్కువ. "పెద్దయ్యాక నేర్పిద్దాములే" అనేవారు ఈ మాట ఆలోచించాలి.

మరి తికమక సంగతి? రెండు మూడు భాషల నడుమ పెరిగే బిడ్డ ఒకే వాక్యంలో తెలుగు మాటా ఒడియా మాటా కలిపితే అది జబ్బు కాదు. చేతికందిన మాటతో పని జరుపుకుంటున్నాడు, అంతే. అతనికి వచ్చిన మాటలు లెక్కించేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కించాలి. పలు భాషలు వినడం వల్ల మాటలోపం కలగదు. ఏడాదిన్నరకు కూడా ఒక్క మాట రాకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే, ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. నేరం తెలుగు మీద మోపి, వైద్యం ఆలస్యం చేయకండి.

ఇక ఫోను సంగతి. అందులో తెలుగు పాటలు పెడితే చాలునని కొందరి నమ్మకము. 2003లో అమెరికాలో పేట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల శిశువులకు 12 పర్యాయాలు చీనా భాష వినిపించింది. మనిషి ఎదుట కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. అదే భాష టెలివిజనులో చూపితే పట్టుబడలేదు. బిడ్డకు కావలసినది శబ్దము కాదు, తన ముఖం చూసి బదులు చెప్పే మనిషి. ఏడాదిలోపు బిడ్డకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సలహా ఇచ్చింది.

కాబట్టి తల్లిదండ్రులకు మేము చేసే మనవి చిన్నది. నీళ్ళు పోస్తున్నప్పుడు కాళ్ళు, చేతులు, బొజ్జ అని పేర్లు చెబుతూ పోయండి. బువ్వ పెడుతూ కబుర్లు చెప్పండి. బిడ్డ ఉంగా అంటే మీరూ బదులు పలకండి. తాతయ్యల, అమ్మమ్మల ఒడి ఖాళీగా ఉంచకండి. చందమామను చూపడానికి, దాగుడుమూతలు ఆడడానికి ఖర్చు లేదు.

ఒడియా వీధి నేర్పుతుంది, ఇంగ్లీషు బడి నేర్పుతుంది. ఆ రెండూ మన పిల్లలకు అవసరమే, రానివ్వండి. తెలుగు నేర్పడానికి ఇక్కడ ఇల్లు తప్ప మరొక దిక్కు తక్కువ. ఆ పని ఈ సంవత్సరాదినాడే ప్రతి ఇంటా మొదలు కావాలని కోరుతున్నాము.