తల్లి మాట కూడా పరీక్షే

(మహిళా ఆరోగ్య సదస్సులో ఒక అంగన్‌వాడీ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు "పాప జబ్బు గురించి నీ అనుభవం చెప్పు" అన్నారు. చెబుతాను. అయితే అయ్యో పాపం అనిపించుకోడానికి మాత్రం కాదు. పిల్లకొచ్చిన జబ్బుకి ఒక పేరు పెట్టించుకోడానికి తల్లి ఎన్ని గడపలు ఎక్కాలి, ఎందుకు ఎక్కాలి అన్నది నా ఒక్కదాని గోడు కాదు. ఇందులో వైద్యం సంగతి ఉంది, హక్కుల సంగతీ ఉంది. రెంటినీ కలిపే చెబుతాను.

కీళ్లవాతం అనగానే మనకి అరవై ఏళ్ల ముసలమ్మ గుర్తొస్తుంది. పసిపిల్లకి కీళ్లవాతమేమిటి, విడ్డూరం కాకపోతే అంటారు. కానీ పిల్లలకీ వస్తుంది. కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బు కూడా కాదు. లండన్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే వైద్యుడు పిల్లల కీళ్లజబ్బు గురించి 1897లోనే రాశాడు. ఇప్పుడు దీన్ని జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థ్రైటిస్ అంటున్నారు. 16 ఏళ్లు నిండకముందే మొదలై, ఒక కీలులోగానీ ఎక్కువ కీళ్లలోగానీ కనీసం 6 వారాలు ఉండి, దానికి వేరే కారణమేదీ దొరకనప్పుడు ఈ పేరు పెడతారు. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన ఒంటిలోని రక్షణ శక్తే దారి తప్పి కీలు లోపలి పొర మీద పడుతుంది. ఇది అంటుకునేది కాదు. దిష్టి కాదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో తిన్నందువల్ల వచ్చేదీ కాదు.

"వేరే కారణం దొరకనప్పుడు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఒక్క రక్తపరీక్ష చేసి ఇదీ జబ్బు అని తేల్చడం కుదరదు. కీలులో చీము పట్టిందా, క్షయ ఉందా, రుమాటిక్ జ్వరమా, రక్త కేన్సరా అని ఒక్కొక్కటే చూసుకుంటూ, కాదనుకుంటూ రావాలి. మిగిలేది పిల్ల ఒళ్లు, తల్లి చెప్పే మాట. మరి ఆ మాట ఎవరూ వినకపోతే?

మాది పల్నాడులో మిరప చేల మధ్య ఒక ఊరు. పాపకి నాలుగో ఏడు నడుస్తుండగా పొద్దున్నే లేచి కుంటడం మొదలుపెట్టింది. కుడి మోకాలు వాచింది. నేల మీద కూర్చోలేదు, దొడ్డికి వెళ్లాలంటే ఏడుపు. పది, పదకొండు అయ్యేసరికి కాలు వదులై మామూలుగా తిరిగేది. సాయంత్రం మిగతా పిల్లలతో పరుగులు కూడా పెట్టేది. "బడికి పోవడం ఇష్టం లేక వేషాలేస్తోంది" అన్నారు మా అత్తగారు. బెణికిందని ఒకళ్లు కట్టు కట్టారు. ఆర్.ఎం.పి. గారు సూది వేస్తే వారం రోజులు వాపు తగ్గింది, మళ్లీ వచ్చింది. అది స్టెరాయిడ్ అని చాలా రోజుల తర్వాత చీటీ చూపిస్తే తెలిసింది. ఈ సంగతి మీరంతా ఊళ్లో చెప్పాలి. జబ్బు ఏమిటో తేలకముందే స్టెరాయిడ్ ఇస్తే, ఒకవేళ అది రక్త కేన్సరు అయితే దాని గుర్తులు మరుగున పడిపోతాయి. మా పాపకి అది లేదు గనక సరిపోయింది.

తర్వాత టౌనులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. తెల్లారుజామున బస్సెక్కితే మా వంతు వచ్చేటప్పటికి పన్నెండు దాటింది. అప్పటికి పాప బెంచీల మధ్య తిరుగుతోంది. "ఏమ్మా, బాగానే నడుస్తోందిగా" అన్నారాయన. "పొద్దున నడవదండీ" అన్నాను. ఆ మాట కాగితం మీదకి ఎక్కలేదు. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగుందన్నారు. ఆర్.ఎ. ఫ్యాక్టర్ పరీక్ష చేయించారు, నెగటివ్ వచ్చింది. "వాతం లేదు, ఎదిగే పిల్లల నొప్పులు" అని కాల్షియం రాసి పంపించారు.

ఇక్కడ మనం తెలుసుకోవాల్సినవి మూడున్నాయి. మొదటిది, ఈ జబ్బు మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు. రెండోది, ఆర్.ఎ. ఫ్యాక్టర్ పెద్దవాళ్ల కీళ్లవాతంలో పనికొచ్చే పరీక్ష. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి అది నెగటివ్‌గానే ఉంటుంది. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. మూడోది, ఎదిగే పిల్లల నొప్పులు సాధారణంగా రాత్రిపూట, రెండు కాళ్లలో వస్తాయి, తెల్లారేసరికి పోతాయి. ఆ నొప్పులకి కీలు వాయదు, పిల్ల పొద్దున్నే కుంటదు. వాపు ఉంటే దానికి కారణం వెతకాల్సిందే.

ఆ తర్వాత ఒక పిల్లల డాక్టరు రక్తంలో ఎ.ఎస్.ఒ. ఎక్కువగా ఉందని రుమాటిక్ జ్వరం అన్నారు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించమన్నారు. ఆ సూది నొప్పి పిల్లకే తెలియాలి. అయిదు నెలలు వేయించాం. రుమాటిక్ జ్వరమే అయితే గుండె కవాటాలు పాడవకుండా ఆ సూది తప్పకుండా వేయించాలి, మానకూడదు. కానీ ఎ.ఎస్.ఒ. పెరిగిందంటే ఈమధ్య స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఒంట్లోకి వచ్చి పోయిందని మాత్రమే అర్థం. రుమాటిక్ జ్వరంలో వాపు ఒక కీలు నుంచి ఇంకో కీలుకి మారుతుంటుంది, కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. మా పాపకి నెలల తరబడి అదే మోకాలు. "మారడం లేదండీ, అదే కాలండీ" అని నేను ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను.

ఈలోగా ఇంట్లో మాటలు వేరు. "ఆడపిల్ల, కాలుజబ్బని పదిమందికీ తెలిస్తే రేపు పెళ్లెట్లా అవుద్ది, ఇక తిప్పడం ఆపు" అన్నారు. పట్నం వెళ్లొస్తే మా ఆయనకి రెండు రోజుల కూలి పోతుంది. నేను సెలవు అడిగితే సెంటర్ ఎవరు తెరుస్తారని పైనుంచి అడుగుతారు. పిల్లకి జబ్బు చేస్తే తల్లి సరిగా చూసుకోలేదంటారు, చూపించుకుందామని తిరిగితే అతి చేస్తోందంటారు. మగపిల్లవాడికైతే ఇన్ని మాటలు వచ్చేవి కావని నాకు అనిపించింది. మీలో చాలామందికీ ఇది తెలిసిన సంగతే.

అప్పుడు నేను చేసిందల్లా ఒకటే. సెంటర్లో పిల్లల బరువులు రిజిస్టర్లో రాయడం నా పని. అలాగే ఒక నోటుబుక్కు పెట్టాను. తారీఖు, ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి కాలు వదులైంది, ఏ కీలు వాచింది, జ్వరం ఉందా, ఏ మందు వేశాం. అంతే. పెద్ద ఆస్పత్రిలో పిల్లల విభాగానికి వెళ్లినప్పుడు అక్కడి మేడమ్ మొదట అడిగిన మాట, "పొద్దున లేవగానే ఎలా ఉంటుందమ్మా?" అని. పది నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. పుస్తకం చేతికిచ్చాను. నలభై రోజుల లెక్క చదివారు. పాపని పడుకోబెట్టి రెండు మోకాళ్లూ పక్కపక్కన పెట్టి చూశారు. కాళ్ల పొడవు టేపుతో కొలిచారు. వాపున్న కాలు కొంచెం పొడుగు పెరిగింది. చిన్నపిల్లల్లో వాచిన కీలు పక్క ఎముక అలా త్వరగా పెరుగుతుందట. మణికట్లు, వేళ్లు, దవడ, మెడ, ఏ కీలూ వదల్లేదు. రక్తకణాల లెక్క, క్షయకి పరీక్ష, ఎ.ఎన్.ఎ. అనే పరీక్ష చేయించారు. తర్వాతే పేరు చెప్పారు.

పేరు చెప్పిన రోజునే కంటి విభాగానికి పంపించారు. "కాలు వాస్తే కన్నెందుకండీ" అని అడిగాను. ఈ జబ్బున్న పిల్లల్లో కొందరికి కంటి లోపల వాపు వస్తుంది. దాన్ని యువియైటిస్ అంటారు. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, పిల్ల చెప్పలేదు, తల్లికి కనపడదు. స్లిట్ ల్యాంప్ అనే యంత్రంతో చూస్తేనే తెలుస్తుంది. వదిలేస్తే చూపు పోవచ్చు. చిన్న వయసులో, తక్కువ కీళ్లలో మొదలై, ఎ.ఎన్.ఎ. పాజిటివ్ ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. ఆ లెక్కలోకి వచ్చే పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువమంది. మా పాప కుడి కంట్లో వాపు అప్పటికే మొదలైంది. చుక్కల మందుతో అదుపులోకి వచ్చింది, చూపు దక్కింది. ఇంకో ఏడాది ఎదిగే పిల్లల నొప్పులనుకుంటూ కూర్చుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. జబ్బుకి పేరు పెట్టడం అంటే కాగితం మీద ఒక మాట రాయడం కాదు. మా పాప విషయంలో అది ఒక కన్ను.

ఇప్పుడు వారానికి ఒక్కసారి మిథోట్రెక్సేట్ ఇస్తున్నాం. వారానికి ఒక్కసారే, రోజూ కాదు. రోజూ వేస్తే ప్రాణం మీదకి వస్తుంది. అందుకని క్యాలెండరులో ఆదివారానికి గుర్తు పెట్టుకున్నాం. అప్పుడప్పుడు రక్తపరీక్ష, మూణ్ణెల్లకోసారి కంటి పరీక్ష, రోజూ కాలికి వ్యాయామం. పాప బడికి వెళ్తోంది. ఈ జబ్బు కొందరిలో పూర్తిగా నెమ్మదిస్తుంది, కొందరిలో పెద్దయ్యాక కూడా ఉంటుంది. ఎలా ఉన్నా తొందరగా మందు మొదలుపెడితే కీలు పాడవకుండా కాపాడుకోవచ్చు.

ఇక హక్కుల సంగతి.

మొదటిది, మన కాగితాలు మనకివ్వాలి. భారత వైద్య మండలి 2002లో చేసిన నియమాల ప్రకారం రోగిగానీ వాళ్ల తరఫువాళ్లుగానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో సమాచారం పొందే హక్కు, వేరే డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఇంకో డాక్టరుకి చూపిస్తామంటే కోపగించుకోవడానికి వీల్లేదు. మనం చెప్పినమాట ఓ.పి. చీటీ మీద రాయమని అడగాలి. "పొద్దున కుంటుతోందని తల్లి చెబుతోంది" అన్న ఒక్క వాక్యం అక్కడ ఉంటే, తర్వాత చూసే డాక్టరు దాన్ని దాటి పోలేడు.

రెండోది, పిల్లల్ని వెతికి పట్టుకునే పని ప్రభుత్వానిది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించాలి. డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్లు చూడాల్సిన జాబితాలో రుమాటిక్ గుండెజబ్బు ఉంది, కీళ్లవాపు లేదు. చేర్చమని అడుగుదాం. పిల్లని నడిపించి, చేతులెత్తించి, దవడ తెరిపించి చూసే పిగాల్స్ అనే తేలిక పరీక్ష 2006లోనే ప్రచురించారు. రెండు నిమిషాల పని, యంత్రం అక్కర్లేదు.

మూడోది, డబ్బు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా ఆస్పత్రిలో చేరినవాళ్ల కోసం. ఈ జబ్బు పిల్లలు సాధారణంగా చేరరు, తిరుగుతుంటారు. ఓ.పి. పరీక్షలు, నెలనెలా మందులు, బస్సు చార్జీలు, పోయిన కూలి అన్నీ ఇంటి మీదే పడతాయి. ఏళ్ల తరబడి తిరగాల్సిన పిల్లలకి దగ్గర్లోని ఆస్పత్రిలోనే మందు, రక్తపరీక్ష దొరకాలని మనం అడగాలి.

నాలుగోది, బడి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఈ జబ్బు పేరు అందులో లేదు. కదలికకి సంబంధించిన వైకల్యం కింద సర్టిఫికెట్ రావచ్చు, కానీ చాలా సదుపాయాలకి 40 శాతం ఉండాలంటారు. పొద్దున కదల్లేక, మధ్యాహ్నం నడిచే పిల్లకి శాతం ఏ పూట కొలుస్తారు? పరీక్షల్లో అదనపు సమయం లాంటి మార్పులు చేయాలని ఆ చట్టమే చెబుతోంది. సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకుండా, ఆలస్యంగా వస్తే బయట నిలబెట్టొద్దని, నేల మీద కాక బల్ల మీద కూర్చోనివ్వమని బడికి వెళ్లి మనమే చెప్పొచ్చు.

చివరగా మీ ఊళ్లలో చేయాల్సిన పని. సంఘం మీటింగుల్లో తల్లుల్ని అడగండి: పొద్దున్నే కుంటే పిల్లలున్నారా? ఏ కీలైనా వాచి తగ్గడం లేదా? రెండు వారాలుగా రోజూ జ్వరం వచ్చి పోతూ, ఒంటి మీద దద్దుర్లు కనపడుతున్నాయా? ఉంటే పిల్లల వైద్యుడి దగ్గరికి పంపండి. కీలు ఎర్రగా కాలిపోతూ, ముట్టుకోనివ్వకుండా జ్వరం ఉంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అది చీము కావచ్చు. పిల్ల పాలిపోయి, బరువు తగ్గి, నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేస్తుంటే అసలు ఆలస్యం చేయొద్దు. తల్లికి చదువొస్తే నోటుబుక్కు పెట్టమనండి, రాకపోతే పక్కన కూర్చుని మీరు రాసిపెట్టండి. సెల్‌ఫోను ఉంటే పొద్దున పిల్ల నడక వీడియో తీయమనండి. వీలైతే మీలో ఒకరు ఆ తల్లికి తోడు వెళ్లండి. ఇద్దరు ఆడవాళ్లు కలిసి అడిగిన ప్రశ్నని తోసేయడం అంత తేలిక కాదు.