చేతిపని శిక్షణయు, నడుమ వచ్చు రాత్రులును
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున గావించిన ప్రసంగ పాఠము)



రెండు దినములుగా మీరు ఇంటిపన్నులు, మురుగుకాలువలు, వీథిదీపములనుగూర్చి వినియున్నారు. ఇప్పుడు నేను నిద్రనుగూర్చి మాట్లాడబోవుచున్నాను. భోజనానంతరము ఇట్టి విషయము నెత్తుకొనుట సాహసమే. మీలో కొందరు నా ప్రసంగమును వెంటనే ఆచరణలో పెట్టుదురేమో యని భయముగా నున్నది. అయినను ఇది పంచాయతీ పనికి సంబంధించిన విషయమే.

నిన్న సాయంకాలము ఒక సభ్యుడు నన్నిట్లడిగెను: “మా యూరి స్త్రీలకు కుట్టుపని నేర్పింపదలచితిమి. మిషనులు అద్దెకు తేవలెను. రోజుకు రెండు గంటల వంతున పది దినములు నేర్పించుటకంటె, మూడు దినములలో ఉదయము మొదలు రాత్రివరకు కూర్చుండబెట్టి ముగించినచో అద్దె కలిసివచ్చును గదా?” లెక్క చూడగా రెండు విధములను గంటలు ఇంచుమించు ఇరువదియే. కాని నడుమ వచ్చు రాత్రులు సమానములు కావు. మొదటి పద్ధతిలో తొమ్మిది రాత్రులున్నవి, రెండవదానిలో రెండే. ఈ తేడాయే నేటి నా ప్రసంగము.

కాలేజీలో చదువు దినములలో నేను టైపు నేర్చుకొంటిని. ఒక్కొక్క సాయంకాలము ఒక పాఠముతో గంటసేపు పెనుగులాడి, వ్రేళ్లు మాట వినక, విసిగి యింటికి పోయెడివాడను. మరునాడు కూర్చుండగనే అవే వ్రేళ్లు తమంతట తామే దారి చూచుకొనెడివి. రాత్రి ఎవరో వచ్చి నేర్పిపోయినట్లుండెడిది. పరీక్షకు ముందురాత్రి మాత్రము బుద్ధి తక్కువై తెల్లవారువరకు సాధన చేసితిని. ఫలితము చెప్పనక్కరలేదు. ఆనాడు దీనికి కారణము నాకు తెలియదు.

2002వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో మాథ్యూ వాకర్, రాబర్టు స్టిక్‌గోల్డు మొదలగువారు ఒక పరీక్ష జరిపిరి. కుడిచేతి వాటముగలవారిని పిలిచి, ఎడమచేతి నాలుగు వ్రేళ్లతో ఐదు అంకెల వరుస నొకదానిని మీటలపై త్వరత్వరగా కొట్టుడనిరి. ముప్పది సెకనులు సాధన, ముప్పది సెకనులు విరామము. ఇట్లు పండ్రెండు మారులు. ఉదయము పది గంటలకు నేర్చినవారిని రాత్రి పది గంటలకు మరల పరీక్షించిరి. చెప్పుకోదగిన అభివృద్ధి లేదు. చేయి పగలంతయు ఇతర పనులు చేయుటచే నిట్లయ్యెనేమో యను సందేహము రాగా, కొందరి చేతులకు తొడుగులు వేసి వ్రేళ్లు కదలకుండ ఉంచిరి. అప్పుడును లేదు. రాత్రి పదింటికి నేర్చి నిద్రపోయినవారిని ఉదయము పదింటికి పరీక్షింపగా, మధ్యలో ఒక్కమారైనను సాధన చేయకయే వారి వేగము నూటికి సుమారు ఇరువది వంతులు పెరిగియుండెను. తప్పులు మాత్రము పెరుగలేదు. గడచినది రెండు తెగలకును పండ్రెండు గంటలే.

నిద్ర యనగా మెదడు ఆరిపోయిన దీపము కాదు. తలపై తీగెలనుంచి మెదడులోని విద్యుత్తరంగములను గీతలుగా గీయు పద్ధతిని జర్మనీ దేశీయుడగు హాన్స్ బెర్గరు 1929లో ప్రకటించినది మొదలు ఈ సంగతి క్రమముగ తేటపడుచు వచ్చినది. గాఢనిద్ర రాత్రి మొదటి సగమున అధికము. అంతగా గాఢముగాని మరియొక దశలో సెకనుకు 11 మొదలు 16 వరకు కదలు సన్నని తరంగముల గుంపులు పుట్టి అణగుచుండును. మధ్య లావుగను, రెండు కొనల సన్నముగను నుండుటచే శాస్త్రజ్ఞులు వానికి కదురు పేరే పెట్టిరి. మన యిండ్లలో రాట్నమునకుండెడి కదురే! హార్వర్డు పరీక్షలో ఈ దశ ఎవరికెక్కువగ, ముఖ్యముగ రాత్రి చివరి భాగమున, లభించెనో వారి చేతివేగము అంత బాగుగ పెరిగెను.

ఇచ్చట ఒక్క క్షణమాగుడు. మన యిండ్లలో ఆ చివరి జాము నిద్ర ఎవరికి లేదు? నీళ్లు పట్టుటకు, వాకిలి చిమ్ముటకు, పాలు పితుకుటకు నాలుగవ జామున లేచు స్త్రీకి. కుట్టు తరగతికి వచ్చునదియు ఆమెయే. పదునైదు దినములకు జాకెట్టు కుట్టలేకపోయిన ఆమెకు పని రాదని పంచాయతీలో తేల్చివేయుట నేను విన్నాను. ఆమెకు రానిది పని కాదు, నిద్ర!

నిద్ర చాలనప్పుడు సాధన పెంచినచో సరిపోదా యని మీరడుగవచ్చును. 2014లో న్యూయార్కులోని శాస్త్రజ్ఞులు ఎలుకలకు తిరుగు కడ్డీపై నడచుట నేర్పి మెదడులోని నరకణములను చూచిరి. నేర్చి నిద్రించిన ఎలుకలలో ఆ కణముల కొమ్మలపై క్రొత్త మొలకలు ఎక్కువగ పుట్టెను. నిద్ర చెరచిన ఎలుకలకు సాధన పెంచినను ఆ లోటు తీరలేదు.

ఈ విషయమున అందరును ఏకీభవించుటలేదని కూడ చెప్పుట నా ధర్మము. రాత్రి కలిగినట్లు కనబడు అభివృద్ధిలో కొంత భాగము కేవలము అలసట తీరుటయేనని కొందరు శాస్త్రజ్ఞులు వాదించుచున్నారు. ఆ వాదము నిజమే యైనను, మనుష్యులను మూడు దినములు ఎడతెగక కూర్చుండబెట్టుటకు అది సమర్థన కాజాలదు. మరియు నిద్ర సాధనకు బదులు కాదు. నేర్వనిదానిని నిద్ర నేర్పదు.

పగటి నిద్రయు పనికివచ్చునని అదే 2002లో జర్మనీలో జరిగిన పరీక్షలు తెలిపినవి. కావున రాత్రి పంటకాపలాకు పోవు యువకుడు ట్రాక్టరు నేర్చుకొనుచున్నచో, పగలు అతనిని లేపవలదని ఇంటివారికి చెప్పుడు.

మీ చేతిలో నున్న పని మరియొకటి కలదు. 2000వ సంవత్సరపు ధ్వని కాలుష్య నియమముల ననుసరించి రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బయలు ప్రదేశములలో మైకులు వాడరాదు. ఉత్సవముల నిమిత్తము ఏడాదికి పదునైదు దినములు మించకుండ అర్ధరాత్రివరకు రాష్ట్ర ప్రభుత్వము సడలింపు ఈయవచ్చును. ఊరిలో శిక్షణ తరగతులు జరుగు దినములలోనైనను ఈ నియమమును ఖచ్చితముగ అమలుపరచునట్లు చూడుడు. తరగతిని తెల్లవారుజామున పెట్టక, స్త్రీలకు ఇంటిపని తీరిన పిమ్మట, పగటిపూట పెట్టుడు.

ఇక అద్దె మాట. రోజంతటికి గాక పూటకు అద్దె ఇచ్చునట్లు మిషనుల యజమానితో మాట్లాడి చూచెదనని ఆ సభ్యుడు నిన్న రాత్రియే నాతో చెప్పెను. ఆయన ముందు వరుసలోనే యున్నాడు. బేరము కుదిరినదేమో మీరే అడుగుడు.