పనిచోట పరస్పర అవగాహన
(చంద్రపూర్‌లో జరిగిన ఉద్యోగుల, కార్మిక కుటుంబాల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ జిల్లాలో తెలుగువారందరూ బ్రతుకుతెరువు కోసం వలస వచ్చినవారు కారు. రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో అంతర్భాగం. రాష్ట్రాల పునర్విభజనతో సరిహద్దు కదిలిందే గాని అక్కడి కుటుంబాలు కదలలేదు. బొగ్గుగనులు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు, చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం మరెందరినో ఇక్కడికి రప్పించాయి. నేడు ఒకే షిఫ్టులో మరాఠీ, తెలుగు, హిందీ, గోండీ మాట్లాడేవారు పక్కపక్కన నిలబడుతున్నారు. అయితే పక్కపక్కన పనిచేయడం వేరు, ఒకరినొకరు ఎరిగి పనిచేయడం వేరు. ఆ ఎరుకను ఉద్యోగులలో పెంపొందించడమెట్లా అన్నదే నేటి ప్రశ్న.

ముందుగా చట్టం సంగతి చూద్దాం. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిబంధనలను, నోటీసులను ఇంగ్లీషులోను, కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోను ప్రదర్శించాలన్నాయి. ఆ చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. చట్టం పేరు మారినా పాత ప్రశ్న మిగిలే ఉంది: అధికసంఖ్యాకుల భాష రాని కార్మికుని గతి ఏమిటి? రాజ్యాంగం 350వ అధికరణం తన ఇబ్బందిని వాడుకలోనున్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నవించుకునే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. కాని ఆ విన్నపాన్ని చదివి గ్రహించే ఉద్యోగి లేనిచోట హక్కు కాగితానికే పరిమితమవుతుంది. చట్టం ఆగిపోయిన చోట మనుషుల అవగాహన మొదలుకావాలి.

పేరునే తీసుకోండి. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. తండ్రిపేరు అందులో కలవదు. మరాఠీ పద్ధతిలో పేరుకు తండ్రిపేరు, వివాహిత అయితే భర్తపేరు తోడవుతుంది. మన పేరు ముందున్న పొడి అక్షరాన్ని ఒక గుమాస్తా ఇంటిపేరనుకుంటాడు, మరొకరు తండ్రిపేరనుకుంటారు. హాజరుపట్టీలో ఒకరు, భవిష్యనిధి ఖాతాలో మరొకరు, ఆధార్‌లో ఇంకొకరు! ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎవరికీ పట్టని ఈ తేడా, భర్త పోయిన ఇల్లాలు పింఛను కోసం వెళ్లిన నాడు బయటపడుతుంది. ఇటువంటి దస్త్రాలెన్నో నా బల్లమీదికి వచ్చాయి. వీటిలో చాలావాటికి మూలం ద్వేషం కాదు, తెలియనితనం. సిబ్బందికి ఒక గంట శిక్షణనిస్తే తొలగిపోయే తెలియనితనం.

గనిలో ఇదే తెలియనితనం ప్రాణాల మీదికి తెస్తుంది. షాట్ పేల్చబోతున్నారనో, పైకప్పు జారుతున్నదనో చేసే హెచ్చరిక అర్థం కావడానికి క్షణకాలమే వ్యవధి. కొత్త కార్మికుడు బెరుకుతో తల ఊపుతాడు. తల ఊపినంత మాత్రాన అర్థమైనట్లు కాదు. చెప్పినదాన్ని అతనిచేత, అతని భాషలోనే, తిరిగి చెప్పించాలి. క్రిమినల్ కోర్టులో నిందితునికి తెలియని భాషలో సాక్ష్యం పలికితే, అతనికి అర్థమయ్యే భాషలోకి అనువదించి వినిపిస్తారు. ఉద్యోగం పోగొట్టగల శాఖాపరమైన విచారణలోనూ ఆ న్యాయం పాటించాలి.

అయితే ఈ అవగాహన ఒకవైపు నడిచేది కాదు. మరాఠీ ఈ నేల భాష. దాన్ని నేర్చుకోవడం మన బాధ్యత, మన మేలు కూడా. 1956 అక్టోబరు 16న డాక్టర్ అంబేడ్కర్ ఈ చంద్రపూర్‌లోనే ధమ్మదీక్ష ఇచ్చారు. ఏటా ఆ రోజుల్లో దీక్షాభూమికి వెళ్లేందుకు సహోద్యోగి సెలవు అడిగితే, అదెంతటి దినమో తెలుగు సూపర్‌వైజరుకు తెలిసి ఉండాలి. బతుకమ్మ నాడు త్వరగా ఇంటికి వెళతానన్న మన ఆడపడుచు మాటా అట్లే అవతలివారికి తెలియాలి. మన ఉగాది, వారి గుడీ పాడ్వా ఒకే రోజున వస్తాయి కదా! ఇక గోండీ మన తెలుగుకు దగ్గరి చుట్టమైన ద్రావిడభాష. ఎనిమిదవ షెడ్యూలులో దానికి చోటే లేదు. మనకోసం అడిగే ప్రతి సౌకర్యాన్నీ గోండు సోదరునికీ అడగకపోతే మన కోరికలో న్యాయం ఉండదు.

యాజమాన్యాలను, కార్మిక సంఘాలను నేను కోరేవి నాలుగు. ఒకటి, కొత్తగా చేరేవారి శిక్షణలో ఇక్కడి భాషలు, పేర్ల పద్ధతులు, పండుగలు పాఠ్యాంశం కావాలి. రెండు, ప్రతి షిఫ్టులో ఎవరికి ఏ భాష వచ్చునో జాబితా ఉండాలి. దుబాసీ పని చేసినవారికి ఆ సమయానికి వేతనం కట్టాలి. మూడు, భద్రతా సూచనలు బొమ్మలతోను, నాలుగు భాషల మాటలతోను ఉండాలి. నాలుగు, యాసను, ఇంటిపేరును ఎగతాళి చేయడాన్ని వేడుకగా గాక ఫిర్యాదుగా స్వీకరించాలి.

కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే. ఉద్యోగంలో ఉన్నవారి పేరు అన్ని కాగితాలలో ఒకే తీరుగా ఉన్నదో లేదో ఈ వారమే సరిచూడండి. తేడా ఉంటే ఉద్యోగి సర్వీసులో ఉండగానే, ఆయన సంతకంతోనే, సవరణకు దరఖాస్తు పెట్టించండి.