అంగరక్షణ డ్రైవరు శిక్షణ: రుసుము చెల్లించే ముందు



గల్ఫ్ దేశాలలో ప్రముఖుల కార్లు నడిపే కొలువు కోసం మన యువకులు సెక్యూరిటీ డ్రైవర్ శిక్షణ వైపు చూస్తున్నారు. ఆ రుసుము కోసం తల్లుల నగలు తాకట్టుకు వెళుతున్నాయి కనుక ఈ నాలుగు మాటలు.

కారును గిరగిరా తిప్పే వీడియోలు చూసి సంస్థను ఎంచుకోకండి. 1978 మార్చి 16న రోమ్‌లో ఇటలీ మాజీ ప్రధాని ఆల్డో మోరోను అపహరించిన తీరు గమనించండి. ముందు పోతున్న దుండగుల కారు హఠాత్తుగా ఆగింది. మోరో కారు దానికీ, వెనుకనున్న రక్షక వాహనానికీ మధ్య ఇరుక్కుంది. ఐదుగురు రక్షకులు ప్రాణాలు కోల్పోయారు. కారు నడిపినవారూ అందులో ఉన్నారు. డ్రైవరు కాపాడవలసినది యజమానిని మాత్రమే కాదు, తనను కూడా.

కాబట్టి దారిని ముందుగా పరిశీలించడం, వేళలూ మార్గాలూ మార్చడం, ముందు వాహనపు వెనుక టైర్లు నేలను తాకుతూ కనిపించేంత ఎడం పాటించడం, బరువైన కవచ వాహనాన్ని అదుపులో ఆపడం: వీటికి ఎన్ని గంటలు కేటాయిస్తారో అడగండి. ఒక్క కారుకు పదిమంది అయితే నేర్చుకునేది తక్కువ, నిలబడి చూసేదే ఎక్కువ.

ఇక ‘గల్ఫ్ ఉద్యోగం ఖాయం’ అన్నవారిని 1983 వలసల చట్టం కింద రిక్రూటింగ్ ఏజెంటుగా పొందిన నమోదు పత్రం చూపమనండి. నమోదైన ఏజెంటు సైతం సేవారుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోరాదు. శిక్షణ రుసుముకు వేరే రసీదు అడగండి. నగలు బయటికి తీసేలోపు ఒక పూట ఆ మైదానానికి వెళ్లి, కార్లెన్ని, మనుషులెందరో లెక్కపెట్టి రండి.