నంది కొండల నీరు, మన ఇంటి కుళాయి
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే సిద్ధాంతిగారు పంచాంగము చదివి, ఈ యేటి వానలో సముద్రము మీద ఎన్ని పాళ్ళు, కొండల మీద ఎన్ని పాళ్ళు, నేల మీద ఎన్ని పాళ్ళు కురియునో చెప్పినారు. నేల మీద పడిన ఆ వాన తరువాత ఎక్కడికి పోతున్నది? ఈ ప్రశ్న ఒక్కటే నేను తీసుకొన్నాను. నేను శాస్త్రజ్ఞుడను కాను, రైల్వే గుమాస్తాను. తెలిసినవారు పరిశోధించి వ్రాసినదానిని చదివి, మన ఇండ్లలో మాట్లాడుకొనే మాటలలో చెప్పుటకు ప్రయత్నిస్తాను.

మనవారు ఏ జిల్లానుండి ఈ బెంగుళూరు వచ్చినా, మన సీమ నీళ్ళకు ఈ ఊరితో చుట్టరికము ఉన్నది. అర్కావతి నంది కొండలలో పుట్టి, దక్షిణముగా పారి, కనకపురానికి అవతల కావేరిలో కలుస్తున్నది. ఉత్తర పినాకిని అనే మన పెన్న ఆ కొండల వరుసలోనే పుట్టి, హిందూపురము ప్రాంతము మీదుగా అనంతపురము, కడప, నెల్లూరు సీమలు దాటి సముద్రము చేరుతున్నది. చిత్రావతి, పాపఘ్ని కూడ ఆ వైపువే. రెండును పెన్నలోనే కలుస్తవి. దక్షిణ పినాకిని, పాలారు తమిళ సీమకు పోతవి. ఒక్క కొండల వరుస మూడు రాష్ట్రములకు పుట్టిల్లు. పుట్టింట నీరు ఎండితే అత్తవారిండ్లన్నీ దప్పిక పడవలసినదే.

ఈ నగరము మొదట చెరువుల నీరే త్రాగినది. మన సిటీ స్టేషను ఎదుటనున్న పెద్ద బస్సు స్టాండు ఒకనాటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియము ఉన్న చోటు సంపంగి చెరువు. ఊరు పెరిగి చెరువులు చాలనప్పుడు, అర్కావతి మీది హెసరఘట్టనుండి గొట్టముల ద్వారా నీరు తెచ్చినారు. అదియు చాలక 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయము కట్టినారు. 1974లో కావేరి నీరు వచ్చినది. అది దాదాపు 100 కిలోమీటర్ల దూరమునుండి, సుమారు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించిన నీరు. 2024 అక్టోబరులో ఆ పథకము ఐదవ దశ కూడ ప్రారంభమైనది. అయితే పెరటి బావి వంటి అర్కావతి ఏమైనది? తిప్పగొండనహళ్ళికి వచ్చే నీరు ఏటేట తగ్గిపోయి, నగరము ఆ నదిని దాదాపు మరచిపోయినది.

"వానలు తగ్గినవి, అందుకే నది ఎండినది" అని మనమందరము అనుకొంటాము. బెంగుళూరులోని ఏట్రీ అనే పరిశోధన సంస్థవారు ఈ మాటను ఉన్నదున్నట్లు నమ్మక, అనుమానించదగిన కారణములన్నిటిని వరుసగా పెట్టి ఒక్కొక్కదానిని పరీక్షించినారు. 2015లో ఆ ఫలితములు ప్రకటించినారు. వాన లెక్కలు చూస్తే, నది ఎండిపోవునంతగా వాన తగ్గలేదు. ఎండ వేడి పెరిగినది గాని, ఇంత నష్టమునకు అది చాలదు. ముఖ్యముగా మిగిలినవి రెండు: బోరుబావులు, నీలగిరి తోటలు. వాగులకు అడ్డముగా కట్టిన చిన్న ఆనకట్టల పాలు కొంత ఉన్నది.

ఇది ఎట్లు జరుగునో చెప్తాను. పూర్వము భూమిలో నీటి మట్టము పైననే ఉండేది. వానలు వెనుకబడిన తరువాత కూడ ఆ నీరు ఊటలుగా వాగులోనికి దిగేది. నదికి వేసవి ప్రాణము అదే. బోర్లు వందల అడుగులకు దిగి ఆ మట్టమును క్రిందికి లాగినవి. ఇప్పుడు పడిన వానను ముందుగా ఎండిన నేల త్రాగివేస్తున్నది. వాగుకు మిగిలేది స్వల్పము. ఇక నీలగిరి. దాని వేళ్ళు లోతుకు పోయి సంవత్సరము పొడుగునా తేమను పీలుస్తవి. రాగి చేను కోత అయిన తరువాత నేల విశ్రాంతి తీసుకొంటుంది. నీలగిరి క్రింది నేలకు విశ్రాంతి లేదు. 2017లో కర్ణాటక ప్రభుత్వము కొత్తగా నీలగిరి నాటుటను నిషేధించినది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవలెను. చెట్లున్నంత మాత్రమున అడవి కాదు. అడవిలో రాలిన ఆకు, కుళ్ళిన వేరు, పురుగులు తొలిచిన రంధ్రములు కలిసి నేలను మెత్తగా ఉంచుతవి. వాన నిదానముగా లోపలికి దిగుతుంది. చెట్లు కొట్టివేసి పశువులు త్రొక్కిన గట్టి నేల మీద అదే వాన పరుగెత్తి, మన్నును తీసుకొనిపోయి చెరువులో పూడిక వేస్తుంది. కావేరి పుట్టిన కొడగు అడవి మన కుళాయికి సంబంధించిన విషయమే.

మరి వాతావరణ మార్పు అబద్ధమా? కాదు. అర్కావతిని ఎండగట్టినది ప్రధానముగా మన చేతులు. దాని మీద ఇప్పుడు వాతావరణము రెండవ బరువు మోపుతున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతము ఎక్కువ ఆవిరిని మోయగలదు. కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు కట్ట కోసుకొనిపోయి, విజయవాడ–మద్రాసు దారిలో ఎన్నో బండ్లు రద్దయినవి. 2022 సెప్టెంబరులో ఈ నగరపు వీధులలో పడవలు తిరిగినవి. 2023లో వానలు తప్పినవి. 2024 మార్చి నాటికి నగరములోని సుమారు 14 వేల ప్రభుత్వ బోరుబావులలో దాదాపు సగము ఎండినవి. చెరువులు నిలిచియుంటే ఒక యేటి వరద మరొక యేటి కరువుకు దాపుడు సొమ్ము అయ్యేది.

రైలులో నీరు తేవచ్చును గదా అంటారు. తెచ్చినారు కూడ. 2016లో మిరజ్ నుండి లాతూరుకు, 2019 జూలైలో జోలార్‌పేట నుండి మద్రాసుకు నీటి బండ్లు నడిచినవి. మద్రాసు బండికి 50 వ్యాగనులు, 25 లక్షల లీటర్లు. ఆనాడు ఆ నగరమునకు కోసి కోసి ఇచ్చుచున్న నీరే రోజుకు 52 కోట్ల లీటర్లకు పైగా. అంటే ఒక బండి తెచ్చినది రెండు వందలలో ఒక పాలు. బండి ఆపదలో ఆదుకొంటుంది, ఊరిని పోషించలేదు.

ఇక మన పని. మొదటిది, ఊళ్ళో ఉన్న భూముల సంగతి. కోలారు, చిక్కబళ్ళాపురము, హిందూపురము వైపు మనలో చాలమందికి నాలుగైదు ఎకరములున్నవి. చూచుకొనే మనిషి లేక నీలగిరి నాటి వచ్చినవారున్నారు. వారిని తప్పుపట్టుట లేదు. కూలీలు దొరకనప్పుడు, నాలుగైదేండ్లకొకసారి డబ్బు చేతికి వచ్చినప్పుడు, ఎవరైనా అదే చేస్తారు. కాని ఆ తోట ప్రక్కన బావి మీద బ్రతికే రైతు మన పినతండ్రి కొడుకో, మేనమామో అయియుంటాడు. ఈసారి కొట్టిన తరువాత మొద్దులు తీసివేసి, చింత, కానుగ, మామిడి వంటివి పెట్టండి, లేదా ఆ రైతుకే కౌలుకు ఇవ్వండి.

రెండవది, మన ఇంటి మిద్దె. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు మిద్దె మీద ఈ ఊరి సగటు వానకు సంవత్సరములో లక్ష లీటర్లకు పైగా నీరు పడుతుంది. ఆరు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారుకు పైగా! వాన నీరు పట్టుట 2009 నుండి ఇక్కడ చట్టములో కూడ ఉన్నది. గొట్టము పెట్టి తొట్టికో, ఇంకుడు గుంటకో మళ్ళించవలెను.

మూడవది, పెద్దల జ్ఞాపకము. ఏ చెరువు మరవ పారితే నీరు ఏ చెరువుకు పోయేదో, ఏ తూము క్రింద ఎవరి మడి తడిసేదో నీరుగంటికి నోటికి వచ్చేది. ఆ మనుషులు కొద్దిమందే మిగిలినారు. పిల్లలు సెలవులలో ఊరికి పోయినప్పుడు వారి దగ్గర కూర్చుండి వ్రాసికొని వస్తే, మన సంచికలో అచ్చు వేయవచ్చును.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. మన భవనపు మిద్దె పెద్దది. దాని నీరంతయు మురుగు కాలువలోనికి పోతున్నది. ఈ యేడు అలంకరణకు కేటాయించిన సొమ్ములో కొంత తీసి, తొలకరికి ముందే ఒక ఇంకుడు బావి త్రవ్వించవలెనని తీర్మానము చేయండి. మట్టి తీయుటకు మా వీధివారము పది మందిమి వస్తాము.

కావేరి నీటికై రెండు రాష్ట్రములు వాదులాడుకొన్నప్పుడెల్ల, ఇరువైపులనున్న తెలుగు కుటుంబములు బిక్కుబిక్కుమని కూర్చున్నవి. 2018లో సుప్రీంకోర్టు తీర్పులో ఈ నగరమునకై 4.75 టీఎంసీలు అదనముగా ఇచ్చినది. ఆ నీరు ఇంకొకరి వాటానుండి తగ్గించి ఇచ్చినదని మరువరాదు. మన మిద్దె మీద పడిన వానకు తగవు లేదు, తీర్పు అక్కరలేదు. దానిని పోనీయకుండుటయే మనము చేయగల న్యాయము.