నిప్పు నుండి నేరుగా విద్యుత్తు

కొల్లేటి చుట్టుపట్ల రొయ్యల చెరువులవారికి తెల్లవారుజామన్న భయము. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గుచు వచ్చును. ఆ గడియలో కరెంటు పోయి ఏరేటర్లు నిలిచినచో పంట దక్కుట కష్టము. ఇటు తాడేపల్లిగూడెము బియ్యపు మిల్లులలో ఊక పొయ్యిలు మండుచునే యుండును. బాయిలరు, టర్బైను, జనరేటరు అను నడిమి యంత్రములు లేకుండ ఆ నిప్పునే విద్యుత్తుగా మార్చరాదా యని శ్రోతలు మమ్ము అడుగుట కలదు.

ఉపాయ మొకటి లేకపోలేదు. పాతకాలపు రేడియో వాల్వును జ్ఞప్తికి తెచ్చుకొందము. మీట త్రిప్పిన వెంటనే రేడియో పలికెడిది కాదు. వాల్వులోని తీగ కాగవలెను. కాగిన లోహము నుండి ఎలక్ట్రానులు వెలికి దుముకును. ఈ దుముకుట యొక్క లెక్క తేల్చిన ఓవెన్ రిచర్డ్‌సన్‌కు 1928వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినది. బాగుగా కాగిన రేకునకు ఎదురుగా తక్కువ వేడి గల రేకు నుంచి, నడుమ గాలి తీసివేసి, వెలుపల తీగతో రెంటిని కలిపినచో, దుమికిన ఎలక్ట్రానులు ఆ తీగ వెంట స్వస్థానము చేరును. త్రోవలో వానిచే పని చేయించుకొనవచ్చును. తిరుగు భాగ మొక్కటియు లేదు!

అయితే లోహమును విడుచుటకు ఎలక్ట్రాను సుంకము చెల్లింపవలెను. టంగ్‌స్టనుకు అది సుమారు 4.5 ఎలక్ట్రాను వోల్టులు. వేడి కొంచెము తగ్గినను, సుంకము కట్టగల ఎలక్ట్రానుల సంఖ్య మిక్కిలిగా పడిపోవును. పైగా ముందు వెడలినవి నడుమ గుమిగూడి వెనుకవానిని త్రోసివేయును. సీసియము ఆవిరి నింపినచో ఈ గుంపు చెదరును, సుంకమును తగ్గును. అయినను వేడి రేకు 1,300 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాగవలసినదే. సోవియట్ యూనియను 1987లో పంపిన కాస్మాస్ 1818, 1867 ఉపగ్రహములలో అణు రియాక్టరు వేడితో ఈ పద్ధతియే నడచినది. సుమారు 150 కిలోవాట్ల వేడికి వచ్చిన విద్యుత్తు 5 కిలోవాట్లు మాత్రమే.

ఊక పొయ్యి అంత వేడి నందుకొనజాలదు. బలవంతముగా కాచినచో సిలికా నిండిన ఊక బూడిద గడ్డకట్టి పొయ్యికే అడ్డుపడును. కావున ఊకకు ఆవిరి త్రోవయే తగినది.

తక్కువ వేడితో తృప్తిపడు చుట్ట మొకటి కలదు: రెండు వేర్వేరు పదార్థముల అతుకులను, ఒకటి వేడిగాను వేరొకటి చల్లగాను ఉంచుట. 1950ల నాటి సోవియట్ పల్లెలలో దీనిని కిరసనాయిలు దీపముపై అమర్చి రేడియో మ్రోగించిరి. కాని అది ఇచ్చినది కొద్ది వాట్లే. చెరువులోని ఒక్క ఏరేటరునకు ఒకటి రెండు అశ్వశక్తులు కావలెను. గట్టుమీది డీజిలు జనరేటరునకు ఇప్పట్లో సెలవీయ వీలులేదు.